ఇంటికొచ్చినోళ్ళకి మీ ఎయిర్‌సాఫ్ట్ గన్నులు చూపించడం ఎలా: మా అమ్మ చెప్పిన బొమ్మల కొలువు పద్ధతి

మీ దగ్గర ఎయిర్‌సాఫ్ట్ గన్నులు, అంటే చిన్న ప్లాస్టిక్ పూసలు పేల్చే ఆటతుపాకులు, మూడో నాలుగో ఉన్నాయనుకోండి, నెలకో రెండు నెలలకో ఓసారి ఫీల్డ్‌కెళ్ళి ఆడొస్తారు, మిగతా రోజులన్నీ అవి క్లోజెట్లో సూట్‌కేసుల వెనకాల పడుంటాయి, పాండవులు జమ్మిచెట్టు మీద దాచిన మూటలాగా. ఇంతలో ఏదో శనివారం భోజనానికొచ్చిన ఫ్రెండు "ఏంటి బాసూ, నువ్వేదో తుపాకుల ఆట ఆడతావంట, ఓసారి చూపించు" అంటాడు. మీరు లేచెళ్ళి బ్యాగులన్నీ లాక్కొచ్చి కార్పెట్ మీద కుప్ప పోస్తారు, జిప్పు తీస్తే పోయిన నెల బురద, చెమట కంపు కొట్టే గ్లోవ్స్, మూత ఊడిన బీబీల సీసా, బీబీలంటే ఆ పూసలే, ఇక గదంతా తెల్ల పూసలు దొర్లుతుంటాయి, ఆ తర్వాత వారం రోజులు వాక్యూమ్ క్లీనర్ టకటకలాడుతూనే ఉంటుంది. నేను రెండేళ్ళు ఇలాగే చూపించా. చూసినోళ్ళందరిదీ ఒకటే ప్రశ్న, "మొత్తం ఎంతయింది?" అంతే, ఇంకో మాట ఉండదు.

నాది పెద్ద కలెక్షనేం కాదు, డాలస్ పక్కన మామూలు ఇల్లు, పైన ఉన్న చిన్న గదిలో ఒక గోడ, ఐదు గన్నులు. జీ అండ్ జీ వాళ్ళ సీఎం16 రెయిడర్, ఎం4 టైపు, నేను కొన్న మొదటిది. సైమా వాళ్ళ ఏకేఎం, మోడల్ సీఎం.048, నిజం చెక్కతో వస్తుంది. టోక్యో మారుయ్ హైకాపా 5.1 గ్యాస్ పిస్టల్. వీఎస్ఆర్-10కి నకలుగా జేజీ వాళ్ళు చేసే బార్-10 స్నైపర్. ఇంకా ఒక స్ప్రింగ్ షాట్‌గన్, ఒక్కసారి లాగి కొడితే మూడు బీబీలు పడతాయి, అది గరాజ్ సేల్‌లో దొరికింది. ఇంతే. కానీ ఇప్పుడు మా ఇంటికొచ్చినోళ్ళు ఆ గోడ ముందు ముప్పావుగంట నిలబడుతున్నారు, మా ఆవిడ కిందనుంచి "కాఫీ చల్లారిపోతోంది" అని అరిచేదాకా.

మార్పు ఎక్కడొచ్చిందంటే మా అమ్మ వచ్చినప్పుడు. ఆరు నెలలుందామని వచ్చింది, నా గోడ చూసింది, అప్పటికి ఐదు గన్నులూ ఒకదాని మీద ఒకటి నిచ్చెన మెట్లలాగా వేలాడుతున్నాయి. "ఇదేంట్రా, ఇనప సామాను కొట్టులాగా ఉంది, బొమ్మల కొలువు ఎప్పుడూ చూళ్ళేదా నువ్వు?" అంది. మా ఇంట్లో సంక్రాంతికి కొలువు పెట్టేవాళ్ళు. మెట్లు బేసి సంఖ్యలో ఉండాలి, పెద్ద బొమ్మ పైన, చిన్నవి కింద, ఒక్కో మెట్టుకి ఒక కథ, పెళ్ళి బొమ్మలు ఒకచోట, చెట్టు కింద పంతులు ఒకచోట, పేరంటానికొచ్చిన వాళ్ళు ఇది ఎక్కడ కొన్నారు, అది ఎవరిచ్చారు అని అడిగేలా సర్దేది. కథలేని బొమ్మని అమ్మ పెట్టెలోంచి బయటికి తీసేదే కాదు. సరే, ఆ పద్ధతిలోనే చెప్తా, మీరూ చేసి చూడండి.

1. ముందు ఖాళీ చెయ్యండి, అన్నీ

ఇది గోడకి మేకు కొట్టక ముందు చెయ్యాల్సిన పని. ఎలక్ట్రిక్ గన్ను అయితే మ్యాగజైన్ (మ్యాగ్), అంటే బీబీలు నింపే డబ్బా, తీసేస్తే ఖాళీ అయిపోయింది అనుకుంటారు చాలామంది, అవ్వదు. హాప్-అప్ గదిలో, అంటే బారెల్ మొదట్లో బీబీ కూర్చుని రబ్బరు ఒత్తిడితో తిప్పుడు అందుకునే చోట, ఒక బీబీ ఉండిపోతుంది, ఒక్కోసారి మ్యాగ్ తీసేటప్పుడు ఇంకో రెండు మూడు లోపల చిక్కుకుంటాయి. మ్యాగ్ తియ్యండి, గన్నుని కిందకి వంచి ఊపండి, రాలేవి రాలతాయి, తర్వాత సెమీలో, అంటే ట్రిగ్గర్ నొక్కితే ఒక్కటే పేలేలా, పెట్టి దుప్పటి కుక్కిన అట్టపెట్టెలోకి రెండు సార్లు పేల్చండి, ఆ తర్వాత బ్యాటరీ ఊడదీసి వేరే చోట పెట్టండి. ఆఖరి దెబ్బ సెమీలోనే ఎందుకంటే ఫుల్ ఆటోలో ఆపితే పిస్టన్ సగం దూరం వెనక్కి లాగి ఆగిపోయే అవకాశం ఉంది, స్ప్రింగు నొక్కుకునే ఉంటుంది, నెలల తరబడి అలా ఉంటే మెత్తబడిపోతుంది. స్నైపర్ని కాక్ చేసి, అంటే స్ప్రింగు వెనక్కి లాగి, పెట్టకండి, అదీ ఇదే కారణం. హాప్-అప్ కూడా సున్నాకి తిప్పెయ్యండి, లేకపోతే రబ్బరు అక్కడే గుంట పడి తర్వాత బీబీ పక్కకి పోతుంది.

గ్యాస్ పిస్టల్‌కి రివర్స్. మ్యాగ్ బయటికి తియ్యాలి, పైన జారే స్లైడు లాగి బీబీ కూర్చునే గది చూడాలి, కానీ మ్యాగ్‌లో గ్యాస్ పూర్తిగా వదిలెయ్యకండి, కొంచెం ఉంచితే లోపలి రబ్బరు సీళ్ళు ఎండిపోకుండా ఉంటాయి. బీబీలు మాత్రం ఒక్కటి కూడా ఉండకూడదు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, రెండేళ్ళ కిందట దీపావళికి పదిహేనుమంది వచ్చారు ఇంటికి, మ్యాగ్ ఉన్న హైకాపా గోడమీదే ఉంది, నేను వంటింట్లో గారెలు తీసుకొస్తున్నా, ఫ్రెండు వాళ్ళ పిల్లాడు, ఏడేళ్ళుంటాయేమో, కుర్చీ ఎక్కి దాన్ని దించాడు. టప్ అని ఒక్కటే చప్పుడు. 55 అంగుళాల టీవీలో కుడివైపు కింద ఒక చుక్క, చుక్కలోంచి సాలెగూడు లాగా గీతలు. పిల్లాడు ఏడుపు, వాళ్ళ నాన్న "నేను కొనిస్తా బావా" అంటాడు, నేను "అబ్బే పర్లేదు" అంటాను, లోపల మాత్రం కడుపు తరుక్కుపోతోంది. తప్పు పిల్లాడిది కాదు, నూటికి నూరుపాళ్ళు నాదే. అదే ఎవరి కంట్లోనో తగిలుంటే? ఆ రోజునుంచి మ్యాగులు గోడమీద ఉండవు, కింద తాళం ఉన్న సొరుగులో ఉంటాయి, తాళంచెవి నా దగ్గర.

2. తుడవండి, కానీ మరీ కొత్త పెళ్ళికూతురిలా చెయ్యకండి

బురద, దుమ్ము పోవాలి. బారెల్ లోపల క్లీనింగ్ రాడ్డుకి సన్నగా కత్తిరించిన బట్ట చుట్టి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు వేసి లాగితే మొదటి బట్ట నల్లగా వస్తుంది, నాలుగోది తెల్లగా వస్తుంది, అప్పుడు ఆపండి. ఆల్కహాల్ హాప్-అప్ రబ్బరుకి తగలనివ్వొద్దు, రబ్బరు గట్టిపడిపోతుంది. రబ్బర్లకి, గ్యాస్ సీళ్ళకి సిలికాన్ ఆయిల్ మాత్రమే, కుట్టు మిషన్ నూనె ఇంట్లో ఉంది కదా అని పొయ్యకండి.

ఏకే చెక్కకి అవిసె నూనె రుద్దితే నిజంగా అందం వస్తుంది, మా ఊళ్ళో పాత వాకిలి తలుపులకి ఉండే ఆ ముదురు రంగు. ఒక్క జాగ్రత్త, ఆ నూనె పీల్చిన గుడ్డని ఉండచుట్టి చెత్తబుట్టలో పడెయ్యకండి, గాలితో కలిసి దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది, నిజంగా ఇళ్ళు తగలబడిన సందర్భాలున్నాయి. పరిచి ఆరుబయట ఎండనివ్వండి, తర్వాత పారెయ్యండి.

గీతలు మాత్రం దాచకండి. నా ఎం4 హ్యాండ్‌గార్డ్, అంటే బారెల్ చుట్టూ చేత్తో పట్టుకునే తొడుగు, దాని మీద ఒక పొడుగు గీత ఉంది, కాంక్రీట్ పైపు వెనక పాకుతుంటే పడింది. కొత్తలో దాన్ని మార్కర్‌తో కప్పేశా, ఇప్పుడు చూపించే మొదటి వస్తువే ఆ గీత.

3. గోడ

డాలస్ ఇళ్ళల్లో గోడంటే గోడ కాదు, డ్రైవాల్, అంటే పిండి అట్ట. వెనకాల చెక్క నిలువులు ఉంటాయి, వాటిని స్టడ్‌లు అంటారు, మామూలుగా 16 అంగుళాలకొకటి. స్టడ్ ఫైండర్ కొనుక్కుని వాటిని పట్టుకుని స్క్రూ వాటిల్లోకే దించండి. నేను మొదట్లో ప్లాస్టిక్ యాంకర్లు కొట్టి సరిపెట్టా, యాభై పౌండ్లు మోస్తాయి అని ప్యాకెట్ మీద రాసుంది కదా అని. ఐదు గన్నులు, పెగ్‌బోర్డు అనే చిల్లుల పలక, దాని మీద చెస్ట్ రిగ్గు, అదే ఛాతీకి కట్టుకునే సంచుల పట్టీ, అన్నీ కలిపి రాత్రి రెండింటికి దబ్బుమని కిందకొచ్చాయి. మా ఆవిడ దొంగలు పడ్డారనుకుంది, నేను భూకంపం అనుకున్నా, తీరా చూస్తే గోడకి నాలుగు పెద్ద పెద్ద బొక్కలు, ఏకే స్టాక్, అదే తుపాకీ మడమ, చివర చెక్కపెళ్ళ ఊడి పడుంది.

పెగ్‌బోర్డ్ అయితే గోడకి అతుక్కుపోయేలా కొట్టకండి, వెనక అర అంగుళం సందు ఉంటేనే హుక్కు లోపలికి దూరి పడుతుంది, దానికి సన్నటి చెక్క పట్టీలు ముందు స్టడ్‌ల మీద కొట్టి వాటి మీద బోర్డు బిగించాలి. చెక్కపొట్టు బోర్డు కంటే ఇనప బోర్డు మేలు, రంధ్రాలు సాగవు. హుక్కులకి రబ్బరు ట్యూబు తొడగండి, లేదంటే గన్ను రంగు పోతుంది. ప్రతి గన్నుకి రెండు చోట్ల ఆసరా, హ్యాండ్‌గార్డ్ కింద ఒకటి, స్టాక్ దగ్గర ఒకటి. ట్రిగ్గర్ గార్డుకి వేలాడదీస్తే సినిమాలో బాగుంటుంది, ఇంట్లో ఊగుతుంది.

గొట్టాలన్నీ ఒకే వైపు, అదీ గుమ్మం వైపు కాదు, మనుషులు కూర్చునే సోఫా వైపు అసలు కాదు. ఖాళీయే కదా అంటారు. ఖాళీ అని మీకు తెలుసు, లోపలికొచ్చే పెద్దాయనకి ఎలా తెలుస్తుంది?

కిటికీ సంగతి చూడండి. మా గోడ మొదట వీధివైపు కిటికీకి ఎదురుగా ఉండేది, సాయంత్రం లైటేస్తే రోడ్డు మీదనుంచి మొత్తం కనిపిస్తుంది. కుక్కని తిప్పుకునే పక్కింటాయన ఒకరోజు మెల్లిగా "నీ పైగదిలో ఏంటవి" అని అడిగాడు, అడిగాడు కాబట్టి సరిపోయింది, ఫోన్ చేసుంటే ఇంకోలా ఉండేది. మర్నాడే ఎదురు గోడకి మార్చేశా.

4. మెట్లు కట్టండి

అమ్మ పద్ధతి ఇక్కడ. నాకు మూడు వరసలు. పైన స్నైపర్, ఎందుకంటే పొడుగు, దానికో వరస కావాలి, పైగా కథ తక్కువ, నేను దాంతో ఎవర్నీ కొట్టింది లేదు. మధ్య వరస కంటికి ఎదురుగా ఉంటుంది, అక్కడ ఎం4, ఏకే, వాటి మధ్య ఒక జానెడు ఖాళీ. కింద చిన్నవి, పిస్టల్, షాట్‌గన్, షాట్‌గన్ పక్కన దాని ఎర్ర తూటా డొప్పలు మూడు. పిల్లలు ఎక్కువొచ్చే ఇల్లయితే ఈ కింద వరస ఎత్తేసి పైకి జరపండి, కొలువులో కూడా పిల్లల చేతికందే మెట్టు మీద అమ్మ లక్కపిడతలే పెట్టేది, మట్టిబొమ్మలు కాదు.

ఖాళీ వదలడం ముఖ్యం. ఉన్నవన్నీ ఎక్కించాలని లేదు. నా దగ్గర విరిగిన ఒక చైనా పిస్టల్, రెండు చవక స్కోపులు ఉన్నాయి, అవి పెట్టెలోనే ఉన్నాయి, వాటి గురించి చెప్పడానికి "డబ్బులు దండగ" తప్ప ఏమీ లేదు.

5. గేర్: ఇక్కడే మజా అంతా

నన్నడిగితే గన్నులకంటే గేరే, అంటే ఒంటిమీద వేసుకునే సామానే, చూడముచ్చటగా ఉంటుంది, దాన్నే అందరూ నిర్లక్ష్యం చేస్తారు. ప్లేట్ క్యారియర్ని, అంటే సైనికుల కవచంలాంటి చొక్కాని, మామూలు సన్న హ్యాంగర్‌కి తగిలిస్తే భుజాలు జారిపోయి తడిసిన చొక్కాలాగా కనిపిస్తుంది. కోటు తగిలించే వెడల్పాటి చెక్క హ్యాంగర్ తీసుకోండి, లోపల ఫోమ్ ప్లేట్లు అలాగే ఉంచండి, పౌచుల్లో మ్యాగు సైజుకి కోసిన అట్టముక్కలు పెట్టండి, అప్పుడు నిండుగా నిలబడుతుంది.

హెల్మెట్‌కి థర్మకోల్ తలకాయలు అమ్ముతారు, నేను కొనలేదు, ఇండియన్ స్టోర్లో దొరికే ఐదు పౌండ్ల పెరుగు డబ్బా ఉంటుంది చూడండి, కడిగి బోర్లించి నల్ల గుడ్డ చుట్టా, సరిగ్గా సరిపోయింది. ఎవరూ కనిపెట్టలేదు, మా అమ్మ తప్ప.

గాగుల్స్‌కి మంచి చోటివ్వండి. మొత్తం సెట్‌లో ఖర్చుపెట్టాల్సిన వస్తువు ఏదైనా ఉందంటే అదే, ముఖానికి అంచులు మూసుకునే రకం, లెన్స్ మీద జెడ్87+ అని, అంటే గట్టి దెబ్బ తట్టుకుంటుందని, ముద్ర ఉండాలి. నా పాత గాగుల్స్ మీద ఎడమ కంటికి ఎదురుగా ఒక చిన్న తెల్ల మచ్చ ఉంది, పది అడుగుల దూరంనుంచి తగిలిన బీబీది. కొత్తవి కొన్నాక కూడా దాన్ని పారెయ్యలేదు, ఒక చిన్న చెక్క పలక మీద పెట్టా. పిల్లల్ని దాని దగ్గర నిలబెట్టి ఆ మచ్చ మీద వేలు పెట్టించండి, "కళ్ళజోడు లేకుండా ఈ ఆట లేదు" అని వేరే చెప్పక్కర్లేదు.

ప్యాచులుంటే వెల్క్రో గుడ్డ ఒక ఫ్రేములో బిగించి అతికించండి. నేను సరదాకి గోంగూర ఆకు బొమ్మతో ఒక ప్యాచ్ కుట్టించుకుని ఫీల్డ్‌కి వేసుకెళ్ళా, ఒకాయన దగ్గరకొచ్చి భుజం తట్టి "నువ్వూ మా బాపతేనా" అన్నట్టు కన్నుకొట్టాడు. తర్వాత అర్థమైంది, గోంగూర ఆకు దూరంనుంచి అచ్చం గంజాయి ఆకులాగే ఉంటుంది. అది పచ్చడి చేసుకునే ఆకు, పుల్లగా ఉంటుంది అని చెప్తే ఇంకా ఎక్కువ నవ్వాడు. ఇప్పుడు ఇంటికొచ్చిన తెలుగువాళ్ళకి ముందు ఈ ప్యాచే చూపిస్తా, అక్కడినుంచి మాటలు వాటంతటవే నడుస్తాయి.

బీబీల్ని గాజు సీసాల్లో పోసి బరువు రాసిపెట్టండి, 0.20, 0.25, 0.28, 0.32 గ్రాములు, పక్కపక్కన చూస్తే ఏ తేడా కనిపించదు, చేతిలో పోస్తే మాత్రం తెలుస్తుంది. కిలో 0.20వి అంటే అయిదు వేల పూసలు, 0.25వి అయితే నాలుగు వేలు. బయోడీగ్రేడబుల్ రకం అయితే మూత గట్టిగా ఉండాలి, తేమ పీలిస్తే ఉబ్బి బారెల్లో ఇరుక్కుంటాయి. ఆవకాయ జాడీల్లో పోస్తే అందంగానే ఉంటుంది కానీ మా ఇంట్లో అనుమతి రాలేదు.

6. బ్యాటరీలు, గ్యాస్ డిస్‌ప్లేలో వద్దు

ఎలక్ట్రిక్ గన్నుల్లో వాడే లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ సరిగ్గా చూసుకోకపోతే పక్కా ప్రమాదం. 7.4 వోల్టుల దాన్ని ఫుల్ ఛార్జ్ చేస్తే 8.4 దాకా వెళ్తుంది, ఆడని రోజుల్లో 7.6 దగ్గర, అంటే సెల్లుకి 3.8 చొప్పున ఉంచాలి, మంచి ఛార్జర్లో స్టోరేజ్ అని బటనే ఉంటుంది. ఉబ్బిన బ్యాటరీ చూస్తే ముచ్చటపడి దాచుకోకండి, బ్యాటరీలు తీసుకునే చోట ఇచ్చెయ్యండి. మిగిలినవి మంట ఆపే సంచిలో, గదిలో చల్లటి చోట.

గరాజ్‌లో పెట్టొద్దు. టెక్సస్ ఎండాకాలం గరాజ్ అంటే పెనం. గ్యాస్ పిస్టల్లో నింపే గ్రీన్ గ్యాస్ అంటే సిలికాన్ ఆయిల్ కలిపిన ప్రొపేనే కదా, 70 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర దాని ఒత్తిడి 110 పీఎస్ఐ ఉంటే 100 డిగ్రీలకి 170 దాటుతుంది. కార్లో అయితే ఇంకా ఘోరం.

7. ఒకటి విప్పి పెట్టండి

ఇది నేను అనుకోకుండా కనిపెట్టింది, ఇప్పుడు మా ఇంట్లో అందరూ ఎక్కువసేపు చూసేది ఇదే. పళ్ళు అరిగిపోయిన ఒక పాత వెర్షన్ 2 గేర్‌బాక్స్, అంటే ఎలక్ట్రిక్ గన్ను లోపల పళ్ళచక్రాలుండే పెట్టె, ఉంది, దాన్ని విప్పి ఒక పక్క డొప్ప తీసేసి పలకమీద బిగించా. మోటారు తిరిగితే బెవెల్ గేరు, అది స్పర్ గేరుని, అది సెక్టర్ గేరుని తిప్పుతుంది, సెక్టర్‌కి సగం చుట్టూనే పళ్ళుంటాయి, ఆ పళ్ళు పిస్టన్‌ని వెనక్కి లాగుతాయి, పళ్ళు అయిపోగానే స్ప్రింగు దాన్ని ముందుకి విసురుతుంది, సిలిండర్లో గాలి నాజిల్లోంచి తన్నుకొచ్చి బీబీని తోస్తుంది. వేలితో గేరు తిప్పి చూపిస్తే ఇంజినీర్లందరూ, అంటే మనోళ్ళు తొంభై శాతం, కుర్చీ దగ్గరికి లాక్కుంటారు.

స్ప్రింగు మాత్రం తీసేసి పెట్టండి. ముందే చెప్తున్నా, గేర్‌బాక్స్ మొదటిసారి విప్పేటప్పుడు పైడొప్ప ఎత్తీ ఎత్తగానే గేర్లు వెనక్కి తిరక్కుండా ఆపే యాంటీ రివర్సల్ లాచ్‌కి ఉండే చిన్న స్ప్రింగు, వడ్లగింజంత ఉంటుంది, ఎగిరిపోతుంది. నాది రెండు రోజుల తర్వాత ఫ్రిజ్ కింద దొరికింది.

హాప్-అప్ గురించి చెప్పడానికి టేబుల్ టెన్నిస్ వాడుకోండి. బంతిని చాప్ చేస్తే అడుగునుంచి వెనక్కి తిరుగుతూ గాల్లో తేలుతున్నట్టు వెళ్తుంది కదా, బారెల్ మొదట్లో పైనుంచి దిగే చిన్న రబ్బరు గుబ్బ బీబీకి అదే తిప్పుడు ఇస్తుంది. ఎక్కువ తిప్పితే పూస ఆకాశంలోకి లేస్తుంది, తక్కువైతే కాళ్ళ దగ్గరే పడుతుంది.

8. ఏం చెప్పాలి, ఎంత చెప్పాలి

ఎఫ్‌పీఎస్ అంకెలతో, అంటే బీబీ సెకనుకి ఎన్ని అడుగులు పోతుందో ఆ లెక్కతో, మొదలెట్టకండి, రెండో అంకెకే కళ్ళు మూతలు పడతాయి. ఒక్కో వస్తువుకి ఒక్క ముక్క. ఎం4 దగ్గర గీత. ఏకే దగ్గర రాత్రి రెండింటికి పడిపోయిన కథ. హైకాపా దగ్గర టీవీ.

ఎవరైనా "ఇవి నిజం తుపాకులా" అని అడుగుతారు, తప్పకుండా అడుగుతారు, అప్పుడు అంకెలు పనికొస్తాయి. 0.20 గ్రాముల బీబీ 350 ఎఫ్‌పీఎస్‌తో వెళ్తే దాని శక్తి 1.14 జౌళ్ళు, నిజం 9 ఎంఎం పిస్టల్ గుండుది నాలుగొందల యాభై పైనే. తిరనాళ్ళలో బెలూన్లు కొట్టించే తుపాకీ గుర్తు చేస్తే పెద్దవాళ్ళకి తొందరగా ఎక్కుతుంది, అది కూడా సీసం పెల్లెట్‌తో దీనికన్నా గట్టిదే. ఈ ఆట పుట్టింది జపాన్‌లో, అక్కడ మామూలు జనానికి నిజం తుపాకులు దొరకవు, అందుకే బొమ్మవి ఇంత శ్రద్ధగా చేశారు, టోక్యో మారుయ్ వాళ్ళు 1991లో ఫామాస్ మోడల్‌తో ఎలక్ట్రిక్ గన్ను తెచ్చాక ఇది ప్రపంచమంతా పాకింది. 2006లో అక్కడ 0.98 జౌళ్ళు దాటకూడదని చట్టమే తెచ్చారు.

చేతికివ్వాలంటే ముందు మీరు తీసి, లోపల బీబీ గది ఖాళీగా ఉందో లేదో చూసి, చూపించి, అప్పుడివ్వండి. వేలు ట్రిగ్గర్ బయట, గొట్టం కిందకి. మనిషి వైపు తిప్పి ఫోటోకి పోజిస్తానంటే నవ్వుతూనే వెనక్కి తీసుకోండి, మొహమాటం వద్దు.

చివర్లో లైట్లు తీసేసి, చీకట్లో మెరిసే ట్రేసర్ బీబీల సీసాకి ఫ్లాష్‌లైట్ అరనిమిషం కొట్టి చూపించండి. పచ్చగా మిణుగురుల్లాగా వెలుగుతుంది. పేల్చక్కర్లేదు, పిల్లలకి ఇది చాలు.

9. ఫోటోలు

నల్ల దుప్పటి నేలమీద ఇస్త్రీ చేసినట్టు పరవండి, కిటికీ పక్కన, ఎండ నేరుగా పడకుండా. కుర్చీ మీద నిలబడి పైనుంచి తియ్యండి, ఫోన్ 2ఎక్స్‌లో పెట్టి, లేదంటే దగ్గరనుంచి తీసిన వైడ్ లెన్స్‌లో బారెల్ అరటిపండులా వంగుతుంది. నీడ పడేవైపు తెల్ల థర్మకోల్ ముక్క నిలబెడితే నల్ల ప్లాస్టిక్‌లో గీతలు, స్క్రూలు తేలతాయి.

ఆరెంజ్ టిప్ ఫోటోలో కనపడాలి. అమెరికాలో అమ్మేటప్పుడు గొట్టం చివర ఆ నారింజరంగు ముక్క ఉండాలని ఫెడరల్ రూలు, అది ఊడబీకి రంగేసుకునేవాళ్ళున్నారు, అందం కోసం. నేను చెయ్యను, ఎందుకో ఒక్క మాటలో చెప్తా. 2014 నవంబర్‌లో క్లీవ్‌లాండ్‌లో తమీర్ రైస్ అనే 12 ఏళ్ళ పిల్లాడు పార్కులో ఆడుకుంటుంటే పోలీసులు కాల్చి చంపారు, వాడి దగ్గర ఉంది ఎయిర్‌సాఫ్ట్ పిస్టలే, ఆరెంజ్ టిప్ తీసేసి ఉంది. టిప్ ఉన్నంత మాత్రాన కాపాడుతుందనీ లేదు. అందుకే ఇంటి బయట, పెరట్లో, పార్కింగ్‌లో చూపించడాలు లేవు, ఫీల్డ్‌కి వెళ్ళేటప్పుడు కూడా జిప్పేసిన బ్యాగులోనే కారెక్కాలి.

ఫోటోలో ఇంటి నంబరు, కారు ప్లేటు, వేరేవాళ్ళ పిల్లల మొహాలు లేకుండా చూసుకోండి. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టేముందు ఒకసారి ఆలోచించండి, నేను ఒక్క ఫోటో పెట్టా, తెల్లారేసరికి మా పెదనాన్న ఫోను, "ఏరా, అక్కడ అంత ప్రమాదంగా ఉందా, ఉద్యోగం మానేసి వచ్చెయ్యి" అని. అది బొమ్మ అని నమ్మించేసరికి నలభై నిమిషాలు పట్టింది, ఇప్పటికీ పూర్తిగా నమ్మలేదు.

ఇండియానుంచి వచ్చినోళ్ళు "ఒకటి పట్టుకెళ్తా మావాడికి" అంటారు. వద్దని చెప్పండి. క్యాబిన్ బ్యాగులో బొమ్మ తుపాకీని కూడా ఎయిర్‌పోర్టులో ఒప్పుకోరు, చెక్-ఇన్లో వేసినా అక్కడ దిగాక కస్టమ్స్ ముందు నిలబడేది వాళ్ళే. బదులుగా ఒక ప్యాచ్ ఇచ్చి పంపండి.

10. దసరా వస్తే

ఇది స్టెప్పు కాదు, వీలుంటే చెయ్యండి. ఆయుధ పూజ రోజు అమ్మ మా కార్లకి, లాప్‌టాపులకి, మిక్సీకి బొట్లు పెట్టుకుంటూ పైకొచ్చి ఐదు గన్నులకీ పెట్టింది, హెల్మెట్ కింద పెరుగు డబ్బాకి కూడా. పసుపు, కుంకుమ తడిగా ప్లాస్టిక్‌కి తగిలితే మరక ఉండిపోతుంది, ఎం4 మీద పడింది సబ్బుతో కూడా పోలేదు. మీరు పెట్టేటప్పుడు చిన్న టేపు ముక్క అతికించి దానిమీద పెట్టండి. ఏకే చెక్కమీద పెట్టింది మాత్రం నేను తుడవలేదు, వచ్చినోళ్ళు అడుగుతారు, చెప్తా.

11. అందరూ వెళ్ళాక

లెక్కపెట్టుకోండి. గన్నులు అక్కర్లేదు, అవి కనిపిస్తాయి, మ్యాగులు లెక్కపెట్టండి, తర్వాత సొరుగుకి తాళం. నాకు మొత్తం పదకొండుండాలి. మొన్న శనివారం పదే వచ్చాయి, గదంతా వెతికి, ఆఖరికి సోఫా దిండ్ల సందులో చెయ్యి పెడితే మ్యాగ్ దొరికింది, దాంతోపాటు వేసవి నుంచి కనపడని టీవీ రిమోటూ, ఎండిపోయిన ఒక గారె ముక్కానూ.